కరెంటుకు కాలిన చెయ్యి, కాయిదం లేని కేసు

(పెద్దకొడప్‌గల్ మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా కుడి చెయ్యి మీలో చాలామంది చూసిందే. చిటికెన వేలు, దాని పక్క వేలు లేవు. మిగిలిన మూడు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. కొత్తగా పరిచయమైనవాళ్ళు "గడ్డి మిషన్ల పడ్డదా?" అని అడుగుతారు. కాదు, కరెంటుకు కాలింది. ఈ రోజు ఆ సంగతి చెప్పమని అధ్యక్షుడు అడిగిండు. నా బాధ చెప్పుకోవడానికి రాలేదు. నేను చేసిన తప్పు ఇంకో రైతు చేయవద్దని చెప్పడానికి వచ్చిన.

ఇది పద్దెనిమిది ఏండ్ల కిందటి మాట. వానాకాలం. రాత్రి గాలివాన కొట్టింది. పొద్దుగాల బర్రెలకు గడ్డి కోద్దామని గెట్టు మీదికి పోయిన. మోకాలెత్తు గడ్డి, కింద తడి నేల. ఆ గడ్డిలో తెగిపడ్డ తీగ ఉన్నది, నాకు కనబడలేదు. కొడవలి దానికి తగిలింది. ఆ తర్వాత నాకు తెలిసింది తక్కువ. చెయ్యి కొడవలిని పట్టుకుంది గాని వదలలేదు. మా తమ్ముడు చూసి నన్ను ముట్టుకోకుండ ట్రాన్స్‌ఫార్మర్ కాడికి ఉరికి స్విచ్ దించిండు. వాడు ఆ తెలివి చేయకుంటే ఇద్దరం పోయేవాళ్ళం.

చేతి మీద గాయం, కుడి మడమ కింద గాయం. బయటికి చూస్తే రెండూ పెద్దవి కావు. ఊర్లో కట్టు కట్టించుకొని, సాయంత్రం టౌనులో ఒక ప్రైవేటు దవాఖానకు పోయినం. ఎట్లయిందని అడిగితే వెంట వచ్చినాయన "కాలింది సారూ" అన్నడు. చీటీ మీద "కాలిన గాయం" అని రాసిండ్రు. ఎక్కడ కాలింది, దేనితో కాలింది అన్నది లేదు. పోలీసులకు చెప్పలేదు. మూడో రోజు కరెంటు ఆఫీసు తరఫున ఒకాయన పండ్లు తెచ్చి, "కేసులు గీసులు పెట్టకండి, మేం చూసుకుంటం" అన్నడు. మేం నమ్మినం. తీగను అదే రోజు సాయంత్రం అతికేసిండ్రు. పక్క రైతులు నీళ్ళు పారినయని సంతోషపడ్డరు, వాళ్ళను తప్పు పట్టను. కొడవలిని ఇంట్లోవాళ్ళు ఇనుప సామాన్ల బండికి వేసిండ్రు.

రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. మూడు ఆపరేషన్లు అయినయి. ఒక ఎకరం అమ్మిన. చూసుకుంటమన్న మనిషి మళ్ళీ రాలేదు. పద్నాలుగు నెలల తర్వాత దరఖాస్తు పట్టుకొని పోతే, "ఆ తేదీన అక్కడ తీగ తెగినట్టు మా రికార్డులో లేదు, మీ స్టార్టర్ కాడ షాకు కొట్టిందేమో" అన్నరు. వకీలు కాడికి పోయిన. ఆయన కాయిదాలు అడిగిండు. దవాఖాన చీటీ ఒక్కటే ఇచ్చిన. దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "అన్నా, ఇందులో కరెంటు అన్న మాటే లేదు" అన్నడు.

నా కేసు అక్కడ పోయింది. కోర్టులో ఓడిపోలేదు, కోర్టు దాకా పోనేలేదు. చట్టం నా పక్కనే ఉండెనని నాకు తర్వాత తెలిసింది.

ఆ చట్టం ఏమంటున్నదో ఇప్పుడు చెప్పుత. మామూలు కేసుల్లో ఎదుటివాడి నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయాలి. కరెంటు విషయంలో అట్లా కాదు. ప్రాణం తీసే వస్తువును సరఫరా చేసేవాడు, దాని వల్ల జరిగిన హానికి, తన నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా జవాబు చెప్పాలి. దీన్ని వకీళ్ళు కఠిన బాధ్యత అంటరు. 1868లో ఇంగ్లండులో రైలాండ్స్ కేసులో పుట్టిన సూత్రం ఇది.

మన సుప్రీంకోర్టు దీన్ని 2002 జనవరిలో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, షైల్ కుమారి కేసులో గట్టిగా చెప్పింది. 1997 ఆగస్టులో ఒక కార్మికుడు రాత్రిపూట సైకిల్ మీద ఇంటికి పోతుండు. వానకు రోడ్డు మీద నీళ్ళు నిలిచినయి. అందులో తెగిపడ్డ కరెంటు తీగ ఉంది. అది తగిలి ఆయన చనిపోయిండు. బోర్డువాళ్ళు ఏమన్నరంటే, ఎవడో దొంగతనంగా తీగ తగిలించుకున్నడు, ఆ తీగే పడ్డది, మాకేం సంబంధం అన్నరు. కోర్టు ఒప్పుకోలేదు. దొంగతనంగా తగిలించుకునేవాడు ఉంటాడని మీకు తెలియాలి, తీగ తెగితే దానంతట అదే కరెంటు ఆగిపోయే ఏర్పాటు మీరు చేసి ఉండాలి అన్నది. హైకోర్టు వేసిన 4 లక్షల 34 వేల పరిహారాన్ని నిలబెట్టింది. నా గెట్టు మీద తెగిపడ్డ తీగకు, ఆ రోడ్డు మీద తెగిపడ్డ తీగకు తేడా ఏముంది? ఆ తీర్పు వచ్చిన తర్వాతనే నా చెయ్యి కాలింది. నాకు తెలియదు, చెప్పినవాళ్ళు లేరు.

చావుకు మాత్రమే పరిహారం అనుకునేవాళ్ళున్నరు. అది నిజం కాదు. 2011 నవంబరులో హర్యానాలోని పానిపట్‌లో నాలుగేండ్ల పిల్లగానికి ఇంటి కప్పు మీది కరెంటు తీగ తగిలింది. రెండు చేతులు, ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. హైకోర్టులో ఒక జడ్జి 60 లక్షలు ఇమ్మన్నరు. పై బెంచిలో అది తగ్గింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ 60 లక్షలనే మళ్ళీ నిలబెట్టింది. దాన్ని రామన్ కేసు అంటరు. వకీలును కలిసినప్పుడు ఈ రెండు పేర్లు గుర్తు పెట్టుకొని చెప్పండి.

ఇంకో మాట. రైతుబీమా మనకు ధైర్యమే. కాని అది మనిషి పోతే ఇంటివాళ్ళకు వచ్చే 5 లక్షలు. చెయ్యి పోయి మనిషి బతికితే అందులో ఒక్క రూపాయి రాదు. కాలిపోయి బతికిన రైతుకు అడుక్కునే తోవ కాదు, అడిగే తోవ కావాలి. ఆ తోవ పరిహారం కేసే.

నిర్లక్ష్యం రుజువు చేయనక్కర లేకుంటే మరి మనం రుజువు చేయాల్సింది ఏమిటి? మూడే మూడు సంగతులు. ఒకటి, గాయం కరెంటు వల్ల అయింది. రెండు, ఆ కరెంటు సరఫరా సంస్థ లైనులోది, మన మోటారులోదో మన ఇంటి వైరింగులోదో కాదు. మూడు, దానివల్ల మనకు ఇంత నష్టం జరిగింది. ఈ మూడింటికి కాయిదాలు మొదటి రెండు మూడు రోజుల్లోనే పుడతయి. ఆ రోజులు పోతే మళ్ళీ పుట్టవు. నేను ఇక్కడికి వచ్చి చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

అందుకే వరుసగా చెప్పుత, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ముందు ప్రాణం. పట్టుకున్న మనిషిని ముట్టుకోవద్దు, కరెంటు ఆపాలి. పెద్ద లైను తీగ పడితే కట్టెతో తీయబోవద్దు, దూరంగా ఉండి సబ్‌స్టేషన్‌కు ఫోను కొట్టండి. కరెంటు పోయిందని తెలిసినంకనే దగ్గరికి పోవాలి. కాలిన చోట మామూలు చల్లటి నీళ్ళు పోయండి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయవద్దు. కరెంటు గాయం పైకి రూపాయి బిళ్ళంత కనబడుతుంది, లోపల కండ, నరాలు ఉడికి ఉంటయి. గుండె దడ తప్పవచ్చు. మూత్రం నల్లగా వస్తే కిడ్నీలకు ముప్పు. అందుకని చిన్న గాయమే కదా అని ఊర్లో కట్టు కట్టించుకొని ఉండొద్దు. 108 పిలిచి పెద్ద దవాఖానకు పోవాలి. ఆరోగ్యశ్రీలో కాలిన గాయాల చికిత్స ఉన్నది, కార్డు వెంట పెట్టుకోండి. పోలీసు కాయిదం తెస్తేనే చూస్తామని ఎవరైనా అంటే, ప్రాణాపాయంలో ముందు వైద్యం, తర్వాతే కాయిదాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పిందని చెప్పండి.

దవాఖానలో డాక్టరు అడిగినప్పుడు నోరు తెరిచి చెప్పాలి. "ఫలానా తేదీ, ఫలానా టైముకు, ఫలానా రైతు గెట్టు మీద, తెగిపడ్డ కరెంటు తీగ తగిలి" అని చెప్పాలి. కరెంటు లోపలికి పోయిన చోటు, బయటికి వచ్చిన చోటు, రెండు గాయాలనూ రాయమని అడగండి. నా మడమ గాయాన్ని ఎవరూ రాయలేదు. నిప్పుకు కాలినవాడికి చేతిలో ఒకటి, కాలి కింద ఒకటి కాలవు, కరెంటుకే అట్లా కాలుతుంది. అది ఒక్కటి రాసి ఉంటే నా కేసుకు అదే సాక్ష్యమయ్యేది. దీన్ని ఎంఎల్‌సీగా, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా రాయించండి. డిశ్చార్జి కాయిదం, ప్రతి బిల్లు, ప్రతి మందు చీటీ ఒక కవరులో పెట్టండి.

రెండో పని పోలీస్ స్టేషన్. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, రశీదు తీసుకోవాలి. మన ఠాణా పరిధి కాదన్నా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయవచ్చు, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఆ మాట రాసే ఉంది. నిర్లక్ష్యంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కిందికి వస్తుంది. లైన్‌మన్‌ను జైలుకు పంపాలని కాదు. ఆయన కూడా మన లెక్క పేదోడే, ఒక్కడే పది ఊర్లు చూస్తున్నడు. పోలీసు పంచనామా కావాలి. తీగ ఎక్కడ పడ్డది, మనిషి ఎక్కడ పడ్డడు అన్నది ఆ పంచనామాలో ఉంటుంది.

మూడో పని ఫొటోలు. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. తీగ అతికేయకముందే తీయండి. తీగ, రెండు పక్కల స్తంభాలు, స్తంభం మీది నంబరు, గెట్టు, కాలిన గడ్డి, అన్నీ రావాలి. దగ్గరికి పోయి కాదు, దూరం నుంచే. కాలిన బట్టలు, చెప్పులు, కొడవలి, పార ఏదైతే అది సంచిలో కట్టి దాచండి. చూసినవాళ్ళ పేర్లు అదే రోజు రాసుకోండి.

నాలుగోది కరెంటు ఆఫీసు. ప్రమాదం జరిగితే విద్యుత్ తనిఖీ అధికారికి తెలపాలని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ చెప్తుంది. తెలిసిన 48 గంటల్లో రాతపూర్వక నివేదిక పోవాలి. ఈ తనిఖీ అధికారి సరఫరా సంస్థ మనిషి కాదు, సర్కారు మనిషి. ఆయన వచ్చి చూసి రాసే రిపోర్టే కేసుకు వెన్నెముక. అందుకని సంస్థకు ఒక దరఖాస్తు, తనిఖీ అధికారికి ఒక దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. రిపోర్టు ఇవ్వకుంటే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈ నాలుగు పనులు గాయపడ్డ మనిషి చేయలేడు. ఇంటివాళ్ళు ఏడుస్తా ఉంటరు. చేయాల్సింది మనం. సంఘం అంటే ధర్నాకు లారీ ఎక్కడం ఒక్కటే కాదు కదా.

ఇగ పైసల లెక్క. చాలామంది ఎంత ఇస్తే అంత తీసుకుంటరు. సంస్థ ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరు, కోర్టు వేసే పరిహారం వేరు. ఎక్స్‌గ్రేషియా తీసుకోండి, కాని "ఇంక నాకేం రావాల్సింది లేదు" అని రాసిన కాయిదం మీద వకీలును అడగకుండ వేలిముద్ర వేయకండి.

కోర్టు చూసే లెక్క ఇట్లా ఉంటుంది. అయిన వైద్యం ఖర్చు, ముందు కావాల్సిన వైద్యం, పని పోయిన రోజుల కూలి, నొప్పి, బాధ, అన్నింటికంటే పెద్దది ముందు ముందు పోయే సంపాదన. రోడ్డు ప్రమాదాల కేసుల్లో వాడే లెక్కనే కరెంటు కేసుల్లో కూడా కోర్టులు చూస్తయి. ఉదాహరణకు 40 ఏండ్ల రైతు, నెలకు 12 వేల సంపాదన అనుకోండి. సగం పని చేయలేడని తేలింది. ఏడాదికి 1 లక్షా 44 వేలు, అందులో సగం 72 వేలు. 36 నుంచి 40 ఏండ్ల వయసుకు 15తో గుణించాలని 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు పట్టిక ఇచ్చింది. 72 వేలను 15తో గుణిస్తే 10 లక్షల 80 వేలు. ఇది ఒక్క సంపాదన పద్దే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డాక్టరు చెయ్యికి 30 శాతం వైకల్యం అని రాస్తడు. కాని నాగలి పట్టేవాడికి, కుర్చీలో కూర్చొని రాసేవాడికి ఒకే చెయ్యి ఒకే నష్టమా? కాదని రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. మనిషి ఏ పని చేసి బతుకుతున్నడో, ఆ పనికి ఆ గాయం ఎంత అడ్డమో చూడాలన్నది. అందుకని వైకల్య సర్టిఫికెట్ తప్పక తీసుకోండి. ఆ డాక్టరుతో ఈ చెయ్యి పార పట్టలేదు, పాలు పిండలేదు, మందు పంపు మోయలేదు అని చెప్పించండి.

సంపాదనకు సాక్ష్యం ఏమిటని అడుగుతరు. మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, వడ్లు కొన్న కేంద్రం రశీదులు, పాల కేంద్రం పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు. సోయా అమ్మినంక చీటీ చింపి బీడీ ముట్టించుకునే అలవాటు మానుకోండి. కౌలు రైతులు, కూలీలు భయపడొద్దు. ఈ పరిహారం భూమికి కాదు, మనిషికి. పట్టా పుస్తకం లేకున్నా అడగవచ్చు. ఆడవాళ్ళ ఇంటి పని, పొలం పని కూడా సంపాదన కిందికే వస్తుంది.

ఏ తలుపు కొట్టాలె? మూడు ఉన్నయి. ఒకటి, ప్రజోపయోగ సేవల శాశ్వత లోక్ అదాలత్. కరెంటు సరఫరా ఆ సేవల్లో ఉన్నది. కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల దాకా వివాదం చూస్తది, రాజీ కుదరకుంటే తీర్పు కూడా చెప్పవచ్చు. కాని కోర్టులో కేసు వేయకముందే అక్కడికి పోవాలి. రెండు, సివిల్ కోర్టు. ఫీజు కట్టే శక్తి లేకుంటే నిరుపేదగా దావా వేయవచ్చు. మూడు, హైకోర్టులో రిట్. అయితే సంగతుల మీద రెండు పక్షాలకు గొడవ ఉంటే హైకోర్టు సివిల్ కోర్టుకే పొమ్మంటది. తనిఖీ అధికారి రిపోర్టు మన వైపు ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటది. మళ్ళీ కాయిదం కాడికే వచ్చినం చూడండి.

గడువు మరవొద్దు. మనిషి చనిపోతే రెండేండ్లు. గాయానికి మూడేండ్లని కొందరు అంటరు గాని, చట్టం ప్రకారం చేసిన పని వల్ల నష్టానికి ఒక్క ఏడాదే అని ఎదుటి వకీలు వాదించే వీలుంది. అందుకని ఏడాది లోపలే వేయాలి. నేను పద్నాలుగు నెలలకు పోయిన. వకీలు ఖర్చుకు భయపడితే 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును పెడతరు.

ఇప్పుడు మన తప్పులు కూడా చెప్పుకోవాలి. ఫ్యూజు పోతే లైన్‌మన్ రాలేదని మనమే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతున్నం. పంట ఎండుతుంటే ఆగలేం, నాకు తెలుసు. కాని అక్కడ కాలితే, నీ చేతులతో నువ్వే చేసుకున్నవని సంస్థ అంటది, కోర్టు కూడా వినవచ్చు. ఫ్యూజు వేయడం మన పని కాదు, వేయించుకోవడం మన పని. ఇంకోటి, అడవి పందులకని కంచెకు కరెంటు పెట్టేవాళ్ళున్నరు. పక్క రైతు బిడ్డ కాలితే మనను కాపాడే ఈ చట్టమే మన మెడకు పడుతది. అప్పుడు జవాబు చెప్పాల్సింది మనమే. దయచేసి తీసేయండి.

చివరికి, కాలినంక కొట్లాడేకంటే కాలకుండ చూసుకోవడం మేలు. పొలాల మీదుగా పోయే 11 కేవీ దాకా బోడి తీగలు నేలకు కనీసం 4.6 మీటర్లు, అంటే పదిహేను అడుగుల ఎత్తున ఉండాలి. 11 కేవీ లైను రోడ్డు దాటే చోట 6.1 మీటర్లు, ఇరవై అడుగులు. మన దగ్గర ట్రాలీ మీద నిలబడితే తలకు తగిలే తీగలు ఎన్ని ఉన్నయో మీకే తెలుసు. నా ప్రతిపాదన ఇది. ప్రతి ఊరి నుంచి ఇద్దరు మనుషులు తిరిగి, వేలాడే తీగలు, ఒరిగిన స్తంభాలు, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్లు, సర్వే నంబరుతో సహా రాయాలి. కట్టెతో గాని గొట్టంతో గాని కొలవొద్దు, ఫొటో చాలు. ఆ జాబితాను సంఘం పేరు మీద ఆఫీసులో ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకోవాలి. పని చేస్తే మంచిదే. చేయకుండ రేపు అక్కడ ఎవరైనా కాలితే, మీకు ముందే చెప్పినం అని చూపించడానికి ఆ ముద్ర ఉంటది.

అడగనిది అమ్మయినా పెట్టదంటరు. నేను అడగడానికి ఆలస్యం చేసిన, అడిగిననాడు చేతిలో కాయిదం లేదు. మీరు అట్లా కావొద్దు. వచ్చే నెల సమావేశానికి ఊరి జాబితాలు పట్టుకొని రండి. మా ఊరి జాబితాలో మొదటి పేరు నా గెట్టే. ఆ అతుకు వేసిన తీగ ఇంకా అక్కడనే వేలాడుతున్నది.

సెలవు.